అప్‌డేట్: డ్రూపల్ టీమ్ సెటప్, కాన్ఫిగ్ ఇంపోర్ట్ సమస్య తీరింది

మా టీమ్ డ్రూపల్ (వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) మీద పనిచేస్తుంటే, ఒకరి కాన్ఫిగ్ (సైట్ సెట్టింగుల ఫైళ్లు) మిగతావాళ్ల మెషీన్లలో ఇంపోర్ట్ కావట్లేదని ఇంతకుముందు అడిగాను, కారణం తేలింది. ఎవరికి వారు డ్రూపల్ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఒక్కో సైట్‌కు ఒక్కో యూయూఐడీ (ప్రత్యేక గుర్తింపు కోడ్) పుడుతుంది. అవి కలవకపోతే ఇంపోర్ట్ ఆగిపోతుంది. సైట్ యూయూఐడీని చేత్తో మార్చినా చిక్కు పూర్తిగా పోదు, కంటెంట్ టైపులకూ ఫీల్డులకూ సొంత యూయూఐడీలు ఉంటాయి. అందరూ ఒకే డేటాబేస్ డంప్‌తో (మొత్తం డేటా కాపీ) మొదలుపెట్టడమే మేలు. పంచే ముందు విడి కాపీ మీద డ్రష్ (డ్రూపల్ కమాండ్ టూల్) ఎస్‌క్యూఎల్-శానిటైజ్ నడపండి, అది యూజర్ల ఈమెయిళ్లు, పాస్‌వర్డ్‌లు మార్చేస్తుంది, లైవ్ మీద ఎప్పుడూ వద్దు.

కంపోజర్ (ప్యాకేజీలు దించే టూల్) లాక్ ఫైలు, ఎక్స్‌పోర్ట్ చేసిన కాన్ఫిగ్ ఉండే సింక్ ఫోల్డర్ గిట్‌లో (టీమ్ కోడ్ పంచుకునే చోటు) ఉండాలి. కంపోజర్ దించిన కోడ్ ఉండే వెండర్ ఫోల్డర్, లోకల్ సెట్టింగ్స్ ఫైలు బయటే.

గిట్ నుంచి కొత్త కోడ్ పుల్ చేశాక కంపోజర్ ఇన్‌స్టాల్, తర్వాత డ్రష్ డిప్లాయ్ కమాండ్లు నడపండి. డ్రష్ డిప్లాయ్ ముందు డేటాబేస్ అప్‌డేట్లు నడిపి, ఆపైన కాన్ఫిగ్ ఇంపోర్ట్ చేస్తుంది. మీ కాన్ఫిగ్ మార్పులు ఎక్స్‌పోర్ట్ చేసి కమిట్ చేయకుండా ఇది నడిపితే అవి చెరిగిపోతాయి, జాగ్రత్త!