‘లిమ్న్’ అనే పాత ఇంగ్లీషు మాటకు ‘చిత్రించు’ సరిపోతుందా?

ఇంకుబుడ్డి:
ఒక్క మాట దగ్గర పది రోజులుగా ఆగిపోయాను, కాస్త దారి చూపించండి. నికొలస్ హిలియర్డ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఆయన మొదటి ఎలిజబెత్ రాణి కాలం వాడు, 1619లో పోయాడు. అరచేతిలో ఇమిడేంత చిన్న ముఖచిత్రాలు వేసేవాడు. తన పనిని ఉత్త ‘పెయింటింగ్’ అని ఊరుకోలేదు, ‘లిమ్నింగ్’ అన్నాడు. 1600 ప్రాంతంలో ఆ కళ మీద ఒక గ్రంథం కూడా రాసుకున్నాడు. అది చేతిరాతలోనే ఉండిపోయి 1912లో గానీ అచ్చు కాలేదు.

నేను ఆ మాటకు ఏదో ఒక ప్రత్యేకమైన తెలుగు మాట పెట్టాలని చూస్తుంటే, వ్యాసం అడిగిన పత్రికవాళ్లు అన్ని చోట్లా కొట్టేసి ‘చిత్రకళ’ అని రాసి పంపారు. “పాతబడిన మాటకు అంత హంగామా ఎందుకండీ” అన్నారు. నాకు మనసొప్పలేదు.

ఈ మాట పుట్టుక చూడండి. లాటిన్‌లో ‘లూమెన్’ అంటే వెలుగు. ‘ఇల్యూమినారే’ అంటే వెలిగించడం. అది ఫ్రెంచిలో ‘అన్‌ల్యూమినే’ అయింది. చేతిరాత పుస్తకాల్లో పెద్దక్షరాలకు బంగారు రేకు అంటించి, అంచుల్లో తీగలూ పిట్టలూ దిద్దే పనికి ఆ పేరు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి ‘ల్యూమిన్’గా దిగి, నలిగి నలిగి ‘లిమ్న్’ అయింది. 15వ శతాబ్దంలో లిమ్నర్ అంటే పుస్తకాన్ని వెలిగించేవాడు. ఇటలీ కవి దాంతే తన కావ్యంలో ఒక చిత్రకారుడిని పలకరిస్తూ, పారిస్‌లో ఈ కళను ‘వెలిగించడం’ అంటారని చెప్పాడంటే ఆ పేరుకు ఎంత గౌరవం ఉండేదో తెలుస్తుంది.

అంత వెలుగున్న మాటను ‘చిత్రించు’లో కలిపేస్తే ఏం మిగులుతుంది? మీరేమంటారు?

రాత్రిబడి:
అన్నా, ఒక సందేహం. ఇది ‘లైన్’ నుంచి వచ్చిందని మా క్లాసులో విన్నాను. గీత గీయడం కాబట్టి లిమ్న్ అని. ఇంకొకరు లిమ్నాలజీకి చుట్టం అన్నారు.

ఇంకుబుడ్డి:
రెండూ కాదు తమ్ముడూ. లిమ్నాలజీలో ఉన్నది గ్రీకు మాట ‘లిమ్నే’, అంటే చెరువు. అది చెరువులూ సరస్సుల శాస్త్రం. ‘లైన్’ వచ్చింది ‘లీనియా’ నుంచి, నార దారం అని దాని మొదటి అర్థం. పైకి వినడానికి దగ్గరగా ఉన్నాయి గానీ మూడింటికీ మూడు వేర్వేరు ఊళ్లు. అన్నట్టు ‘లిమ్న్’ అన్నప్పుడు చివరి ‘న’ పలకరు, ‘హిమ్’ అన్నట్టే ‘లిమ్’ అంటారు. ‘లిమ్నర్’ అన్నప్పుడు మాత్రం ఆ ‘న’ మళ్లీ వినిపిస్తుంది.

గట్టుమీది మర్రి:
ఇంకుబుడ్డి గారూ, మీ శ్రద్ధకు నమస్కారం. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి అడ్డుపడక తప్పడం లేదు. మాట పుట్టుక వేరు, మాట అర్థం వేరు. పుట్టుక పట్టుకుని అనువాదం చేస్తే దారి తప్పుతాం.

షేక్‌స్పియర్ 1593లో అచ్చయిన ‘వీనస్ అండ్ అడోనిస్’ కావ్యంలో ఈ మాట వాడాడు. అక్కడ చిత్రకారుడు లిమ్న్ చేసేది గుర్రాన్ని! అందులో బంగారు రేకూ లేదు, పుస్తకం అంచూ లేదు. ఉన్నదున్నట్టు బొమ్మ వేయడం, అంతే. 1670లలో బోస్టన్‌లో ఎలిజబెత్ ఫ్రీక్ అనే ఆవిడనూ ఆమె పాపనూ నూనె రంగులతో పెద్ద బట్ట మీద వేసిన అజ్ఞాత చిత్రకారుడిని ఇవాళ్టికీ ‘ఫ్రీక్ లిమ్నర్’ అనే పిలుస్తారు. స్కాట్లండ్‌లో రాజుగారి ‘పెయింటర్ అండ్ లిమ్నర్’ అని ఒక కొలువే ఉంది. 1820లలో హెన్రీ రేబర్న్ అనే స్కాట్లండ్ చిత్రకారుడికి రాజుగారి లిమ్నర్ అన్న హోదా ఇచ్చారు. ఆయన పేరుపొందింది పెద్ద పెద్ద నూనె చిత్రాలకు. మరి అక్కడ మీరు ‘వెలిగించేవాడు’ అని రాస్తారా? పాఠకుడు దీపాలు పెట్టే నౌకరు అనుకుంటాడు.

‘చిత్రించు’ మంచి మాట. దానికి ఏ లోటూ లేదు.

ఇంకుబుడ్డి:
మాస్టారూ, రేబర్న్ దగ్గర నేను ఒప్పుకుంటాను. మాట పరచుకుంది, కాదనను. కానీ నా ముందున్నది హిలియర్డ్. ఆయన దగ్గర ఆ మాట పరచుకోలేదు, కుదించుకుని కూర్చుంది. లిమ్నింగ్ మిగతా పెయింటింగులన్నిటికీ వేరుగా నిలబడే పని అని తన గ్రంథంలో నొక్కి చెప్పాడు.

ఆయన పని ఎలా సాగేదో కొంచెం చెప్పనివ్వండి. సన్నని దూడతోలును నున్నగా రుద్ది, పేకముక్క మీద గంజితో అతికించేవాడు. అవును, మామూలు పేకముక్కే, ఇప్పటికీ కొన్ని చిత్రాల వెనక ఆ గుర్తులు కనిపిస్తాయి. దాని మీద ముందుగా ముఖవర్ణం ఒక పూత. ఆ తర్వాత ఉడుత వెంట్రుకల కుంచె మొనతో సన్నని గీతలు. రంగులు జిగురు నీళ్లలో కలిపి ఆల్చిప్పల్లో పెట్టుకునేవాడు. బంగారాన్ని మెరుగు పెట్టడానికి ముంగిస లాంటి చిన్న జంతువు పన్ను వాడమన్నాడు. పనివాడు పట్టుబట్టలు కట్టుకోవాలట, దుమ్మూ నూగూ రాలకుండా. పని మీద వంగి మాట్లాడకూడదట, తుంపర పడుతుందని. తలలో చుండ్రు కూడా చూసుకోవాలట!

ఇంకొకటి. రాణి ఆయన ముందు కూర్చునే రోజున ఎక్కడ కూర్చుందో తెలుసా? చెట్టు గానీ నీడ గానీ దగ్గర లేని తోట దారిలో, ఆరుబయట. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. ముఖం మీద నీడ పడకూడదు. 1572 నాటి రాణి చిత్రం దాదాపు ఐదు సెంటీమీటర్ల పొడుగే ఉంటుంది, కానీ ఆ ముఖంలో చీకటి అన్నది వెతికినా దొరకదు. మాటలో ఉన్న వెలుగు పనిలో కూడా ఉంది మాస్టారూ. నా పట్టుదల అందుకే.

గట్టుమీది మర్రి:
బాగా చెప్పారు, పేకముక్క సంగతి నాకు తెలియదు. కానీ మీ సాక్ష్యమే మీకు ఎదురు తిరుగుతోంది. “నా పని పెయింటింగ్ కాదు, వేరు” అని ఒకాయన గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే, ఊళ్లో అందరూ రెండూ ఒకటే అనుకుంటున్నారన్నమాట. ఎవరూ కలపకపోతే వేరని చెప్పే అవసరం ఏముంది?

దాని వెనక అంతస్తు గొడవ కూడా ఉంది. లండన్‌లో బట్టల మీదా చెక్కల మీదా రంగులేసేవాళ్ల సంఘానికి 1581లో రాణి అధికార పత్రం వచ్చింది. హిలియర్డ్ కంసాలి పని నేర్చినవాడు, దర్బారు మనిషి. తన కళ పెద్దమనుషులకు తగినదని ఆ గ్రంథంలోనే చెప్పుకున్నాడు. వీధి పనివాళ్లతో కలపొద్దు అనడం అందులో ఉంది. అనువాదకుడు ఆ గీతను మోయాలా?

ఇంకుబుడ్డి:
మోయాలి మాస్టారూ. నచ్చినా నచ్చకపోయినా ఆయన గీసిన గీత అది. దాన్ని చెరిపేస్తే ఆయన వాదనే పోతుంది. ఒకే వాక్యంలో ఆయన రెండు మాటలు వాడితే నేను రెండింటికీ ‘చిత్రకళ’ అని రాస్తే, “చిత్రకళ చిత్రకళ కంటే వేరు” అవుతుంది. పత్రికవాళ్లు దిద్దిన ప్రతిలో సరిగ్గా అదే అయింది!

పాతసంచిక:
పైన అందరూ లిమ్న్ చచ్చిపోయిన మాట అన్నట్టు మాట్లాడుతున్నారు. నిజంగా చచ్చిపోయిన మాట వేరే ఉంది, ‘డిపెయింట్’. పాతకాలపు ఇంగ్లీషు కవుల్లో చాసర్ వాడాడు, స్పెన్సర్ వాడాడు. ఫ్రెంచి ‘దెపాంద్ర్’ నుంచి వచ్చింది. తర్వాత పండితులు నేరుగా లాటిన్‌కి వెళ్లి అదే క్రియ నుంచి ‘డిపిక్ట్’ తెచ్చుకున్నారు. ఒకే తల్లి పిల్లలు, ఒకరు ఫ్రెంచి దారిన, ఒకరు లాటిన్ దారిన. చిన్నది వచ్చి పెద్దదాన్ని ఇంట్లోంచి పంపేసింది. నేను ఎంఏలో చాసర్ చదివినప్పుడు ‘డిపెయింటెడ్’ చూసి అచ్చుతప్పు అనుకున్నాను.

లిమ్నింగ్‌ని పక్కకు నెట్టింది మాత్రం ‘మినియేచర్’. దాని కథ ఇంకా వింత. ‘మినియం’ అంటే ఎర్రని సీసపు రంగు, మన సిందూరం రంగు. చేతిరాత పుస్తకాల్లో అక్షరాలకు ఆ ఎరుపు పూయడమే ‘మినియారే’. పుస్తకంలో బొమ్మలు చిన్నవి కాబట్టి, ‘మైనస్’ లాంటి మాటలు చెవిలో ఉండబట్టి, మినియేచర్ అంటే ‘చిన్నది’ అయిపోయింది. అంటే ఒకే పని, ఇంగ్లీషువాళ్లు వెలుగు పేరుతో పిలిచారు, ఇటలీవాళ్లు ఎరుపు పేరుతో పిలిచారు, చివరికి రెండు రంగులూ పోయి ‘చిన్న’ మిగిలింది. నాకు ఇది చదివినప్పుడల్లా బాధేస్తుంది.

కలంవాడి మనవడు:
అందరికీ నమస్తే. మాది శ్రీకాళహస్తి. ఇంగ్లీషు సంగతి నాకు తెలియదు గానీ ఒకటి చెప్పాలనిపించింది. ఇప్పుడు అందరూ కలంకారీ అంటారు. మా తాత ‘వ్రాతపని’ అనేవాడు. గుడ్డను కరక్కాయ నీళ్లలో, పాలల్లో నానబెట్టి ఆరేసి, ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నల్ల రంగుతో వెదురు కలం పట్టి గీసేది. రాముడి బొమ్మ ‘గీశాను’ అనేవాడు కాదు, “రాముణ్ణి రాశాను” అనేవాడు. రాయడానికీ బొమ్మ వేయడానికీ ఒకటే మాట. మీరు వెతికే మాట అదేనేమో చూడండి సార్.

ఇంకుబుడ్డి:
బాబూ, నీ మాటతో నా పది రోజుల బరువు సగం దిగింది. నిజమే, ‘వ్రాయు’ అంటే పాత తెలుగులో బొమ్మ వేయడం కూడా. “చిత్తరువు వ్రాసె” అనడం కావ్యభాషలో మామూలే. సంస్కృతంలో ‘లిఖ్’ కూడా అంతే, గీయడమూ రాయడమూ రెండూ. ఉషకు కలలో కనిపించిన అనిరుద్ధుణ్ణి పటం మీద గీసి చూపించిన చెలికత్తె పేరులోనే ‘లేఖ’ ఉంది. లిమ్నర్లు కూడా పుస్తకం పక్కనే పుట్టినవాళ్లు, రాసేవాడి పక్కన కూర్చుని వెలిగించినవాళ్లు. ‘వ్రాత’ దానికి దగ్గరి చుట్టం. కానీ వెలుగు ఇంకా దొరకలేదు.

డాలస్ చెల్లి:
లిమ్న్ చచ్చిపోలేదు అన్నయ్యా, ఇక్కడ పుస్తక సమీక్షల్లో తరచుగా కనిపిస్తుంది. అమెరికా రచయిత్రి టోని మారిసన్ 1993లో నోబెల్ ప్రసంగంలో, భాషకు ప్రాణం ఎక్కడుందో చెప్తూ ఈ మాటే వాడింది, మనుషుల బతుకులను లిమ్న్ చేయగలగడంలో అని. బొమ్మ నుంచి మాటకు మారిపోయిందన్నమాట. అలాగని అందరికీ తెలుసని కాదు. 2010లో బాల్టిమోర్ సన్ దినపత్రిక మొదటి పేజీ శీర్షికలో ఇది వస్తే, ఇదేం మాట అని పాఠకులు ఫిర్యాదు చేశారు. కాబట్టి బతికే ఉంది, కానీ వీధిలోకి రాదు.

పాతసంచిక:
ఇంకుబుడ్డి గారూ, ‘వెలయించు’ పెడితే? వెలయు అంటే ప్రకాశించడం, కనిపించడం. “కావ్యం వెలయించాడు” అంటాం కదా. పని చేసి బయటికి తేవడమూ ఉంది, మెరుపూ ఉంది.

గట్టుమీది మర్రి:
అమ్మా, మాట అందంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ “ఫలానా సంస్థ వెలయించిన పుస్తకం” అని చదివినప్పుడు మీకెవరికైనా వెలుగు కనిపిస్తుందా? అచ్చు వేసి బయటికి తెచ్చారు, అంతే తోస్తుంది. ఆ మాటలో వెలుగు ఎప్పుడో ఆరిపోయింది.

ఇంకుబుడ్డి:
మాస్టారూ, సరిగ్గా అందుకే నాకు అది కావాలి! 1600లో లిమ్న్ అని పలికిన ఇంగ్లీషువాడికి మాత్రం లూమెన్ వినిపించిందా? ‘లిమ్మింగ్’ అని కూడా రాసేవాళ్లు. 1573లో రిచర్డ్ టాటెల్ లండన్‌లో అచ్చు వేసిన ఈ కళ పాఠపుస్తకం పేరులోనే ‘లిమ్మింగ్’ అని ఉంది. అక్కడ కూడా వెలుగు అడుగున పడిపోయి, గీరితే తగిలేది. ‘వెలయించు’ కూడా అంతే అరిగింది, గీరితే అంతే తగులుతుంది. అరుగుదల కూడా సమానంగా ఉన్న జోడీ ఇంతకంటే దొరకదు.

రాత్రి మళ్లీ కూర్చుని ఆ వాక్యం ఇలా దిద్దాను: “సూక్ష్మరూపాలను వెలయించే ఈ వ్రాతపని, తక్కిన చిత్రకళలన్నిటికీ వేరుగా నిలిచేది.” రేబర్న్ ప్రస్తావన వచ్చిన చోట మాత్రం మీ మాటే ఉంచాను మాస్టారూ, ‘ఆస్థాన చిత్రకారుడు’ అని.

గట్టుమీది మర్రి:
వాక్యం నిలబడింది. ‘వెలయించు’ మీద నా అభ్యంతరం అలాగే ఉంది, వెనక్కి తీసుకోను. కానీ ‘వ్రాతపని’ అన్నది మాత్రం కొట్టెయ్యనివ్వకండి. పత్రికవాళ్లు మళ్లీ ఎర్ర సిరా పట్టుకొస్తే, శ్రీకాళహస్తి అబ్బాయి చెప్పిన మాట ఉన్నదున్నట్టు వాళ్లకు పంపండి.

కలంవాడి మనవడు:
సార్, మా తాత గీసిన గుడ్డ ఒకటి ఇంట్లో ఉంది. అంచు మీద ఏ ఘట్టం ఏదో తెలుగులో రాసి ఉంటుంది, బొమ్మ గీసిన ఆ కలంతోనే. రేపు పగటి వెలుతురులో ఫొటో తీసి పెడతాను.