‘మంత్రముగ్ధంగా’ అనే మాటను ఎక్కడ వాడాలి?

ప్రశ్న: మా ఊరి గుడిలో జరిగిన వీణ కచేరీ గురించి రాస్తూ ‘ఆమె మంత్రముగ్ధంగా వాయించారు’ అన్నాను. మా పెదనాన్నగారు ఆ మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి ఇచ్చారు. అందులో తప్పేమిటో దయచేసి వివరించగలరా?

మొదటి జవాబు: మంత్రం చేత ముగ్ధుడైనవాడు మంత్రముగ్ధుడు, ఇది తృతీయా తత్పురుషం. కాబట్టి మీ వాక్యం ప్రకారం మైమరచింది శ్రోతలు కాదు, వాయించిన ఆమే అవుతుంది. ‘శ్రోతలు మంత్రముగ్ధులై విన్నారు’ అనండి. ఆమె వాయిద్యం గురించే చెప్పాలంటే ‘సమ్మోహనంగా వాయించారు’ అనవచ్చు, ఎందుకంటే సమ్మోహనం అంటే మోహింపజేసేది.

రెండవ జవాబు: పై వివరణతో ఏకీభవిస్తున్నాను. అయితే తీగ మీద వేలు ఆగిన తరువాత కూడా ఆమె కళ్లు తెరవకుండా తల ఊపుతూనే ఉండి ఉంటే, ‘తన్మయంగా’ అన్నదే సరైన మాట. తత్, మయ కలిసి తన్మయ అయింది. అంటే తానే అదైపోవడం. ఇంత లోతైన మాటను ప్రతి కచేరీ వార్తలోనూ అరగదీయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మూడవ జవాబు: మేడారం జాతరలో డోలు దెబ్బకు జుట్టు విరబోసుకుని ఊగే శివసత్తులకు మాత్రం ‘తన్మయంగా’ చాలదు. అక్కడ ‘పూనకం వచ్చినట్టు’ అనే మన మాటే కావాలి.