ప్రాడక్ట్ లైన్: ఉత్పత్తి శ్రేణి అందామా, సరుకుల వరస అందామా?

అందరికీ నమస్కారం. బాలానగర్‌లో పచ్చళ్లు, పొడులు, మసాలాలు చేసే ఒక కంపెనీ సేల్స్ కుర్రాళ్ల కోసం తెలుగులో శిక్షణ పుస్తకం రాస్తున్నాను. ప్రాడక్ట్ లైన్‌ని అలవాటుగా "ఉత్పత్తి శ్రేణి" అని రాశాను. మొన్న "మన ఉత్పత్తి శ్రేణిలో ఏమేం ఉన్నాయి?" అని అడిగితే ఒకబ్బాయి "గ్రైండింగ్ మిషన్, ప్యాకింగ్ మిషన్" అని రాశాడు. తప్పు అతనిది కాదు, నా మాటది. ఉత్పత్తి అంటే తయారుచేయడమూ అవుతుంది, తయారైన వస్తువూ అవుతుంది. "ఉత్పత్తుల శ్రేణి" అని బహువచనం చేస్తే ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది. అయినా నోటికి బరువుగానే ఉంది.

అర్థం మాత్రం తేలికే. ఒక కంపెనీ అమ్మేవాటిలో ఒకదానికొకటి దగ్గరగా ఉండే సరుకుల గుంపు. వాడకం ఒకటే కావచ్చు, కొనేవాళ్లు ఒకటే కావచ్చు, ధరలు దగ్గరగా ఉండొచ్చు. ఆవకాయ, మాగాయ, గోంగూర ఒక లైన్. కందిపొడి, కరివేపాకు పొడి ఇంకో లైన్. ఆవకాయలోనే వెల్లుల్లి వేసింది, వేయనిది, పావుకిలో సీసా, కిలో సీసా ఉంటే అది ఆ లైన్ లోతు. లైన్లన్నీ కలిపితే ప్రాడక్ట్ మిక్స్.

— లైన్ అనే ఉంచేయండి సార్, అందరికీ తెలిసిన మాటే కదా.

— ఒట్టి లైన్ అంటే కుదరదండీ. మాది బేగంబజార్‌లో హోల్‌సేల్ షాపు. ఇక్కడ "మీదే లైన్?" అంటే కిరాణానా, స్టీల్ సామానా అని అడిగినట్టు. సేల్స్‌మన్ "లైన్‌కి పోతున్నా" అన్నాడంటే ఆర్డర్ల కోసం షాపులు తిరిగే రూటు.

— నిజమేనండీ. అందుకే నాకు "వరస" నచ్చింది. వరస అంటే అరలో పేర్చిన బారు మాత్రమే కాదు, చుట్టరికం కూడా. "ఆయన మీకేం వరస?" అంటాం కదా. ప్రాడక్ట్ లైన్‌లో ఉన్నదీ ఆ చుట్టరికమే. శ్రేణికి కూడా సంస్కృతంలో ఒకే వృత్తివాళ్ల సంఘం అనే అర్థం ఉంది, కానీ ఇవాళ అది ఎవరికీ తట్టదు. పచ్చళ్ల వరస, పొడుల వరస, మసాలాల వరస అని మార్చి నిన్న మళ్లీ చదివించాను. అదే అబ్బాయి లేచి, "సార్, సాంబార్ పొడి ఏ వరస? పేరుకి పొడే, కానీ వంటలో వేస్తారు కదా" అన్నాడు. అన్నంలో కలుపుకునేది కాదు కాబట్టి మసాలాల వరసలో రాసుకోమన్నాను.