కూలర్ బోర్డులో 20 కాళ్ల చిప్: కొత్తది వేస్తే నడుస్తుందా?

పటమట_కుర్రాడు:
రిమోట్ కూలర్ స్విచ్ నొక్కితే బీప్ అని ఊరుకుంటోంది. విప్పి చూస్తే 20 కాళ్ల చిప్, మీద ఎస్‌టీఎం8ఎస్003 అని ఉంది. చిప్ 40 రూపాయలు, బోర్డయితే 1,400 అంటున్నారు. చిప్ కొని సోల్డర్ చేస్తే సరిపోదా? ఉక్కకి ఇంట్లో అమ్మ ఒకటే గొడవ.

బ్రాడీపేట_బోర్డులు:
కొత్త చిప్ అంటే తెల్ల కాగితమే తమ్ముడూ. కూలర్ ప్రోగ్రామంతా పాతదాని 8 కేబీ ఫ్లాష్‌లో, అంటే లోపలి మెమరీలో ఉంటుంది. కాపీ కొట్టకుండా తాళం వేసి ఉంటారు, ఆ తాళం తీయబోతే లోపలిదంతా చెరిగిపోతుంది.

సింగ్‌నగర్_నివాసి:
మీకు ఒక్క కూలరే. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకొచ్చి ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ రెండూ మునిగాయి. బోర్డులు పాత టూత్‌బ్రష్‌తో కడిగి వారం రోజులు మేడ మీద ఎండబెట్టా. మెకానిక్ పారేయమన్న ఫ్రిజ్ ఇప్పటికీ నడుస్తోంది!

ట్యాంకు_మోటారు:
అదే చిప్‌తో మేడ మీద ట్యాంకుకి ఆటోమేటిక్ స్విచ్ చేశా. నిమిషానికోసారి నీటి మట్టం లోపల రాసుకుంటుంది, కరెంటు పోయినా మర్చిపోదు.

ముప్పై_ఏళ్ల_అనుభవం:
నిమిషానికోసారా? ఆ ఫ్లాష్‌లో రాయడానికి కంపెనీ హామీ 100 సార్లే. రెండు గంటలు కూడా రాదు. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా, ముందు డేటాషీట్, అదే కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, చదవండి.

ట్యాంకు_మోటారు:
ఎనిమిది నెలలుగా నడుస్తోంది సార్. ఆగిపొమ్మని మీ డేటాషీట్‌నే చెప్పమనండి.

బ్రాడీపేట_బోర్డులు:
ఆగండయ్యా. 100 అనేది ప్రోగ్రామ్ ఉండే ఫ్లాష్‌కి. పక్కనే డేటా దాచుకోడానికి 128 బైట్ల ఈఈప్రామ్ అనే వేరే మెమరీ ఉంది, దానికి లక్ష సార్లు. ఈయన రాసేది అందులోకే అయ్యుంటుంది.

ముప్పై_ఏళ్ల_అనుభవం:
లక్షయినా నిమిషానికొకటి చొప్పున 70 రోజులు. ఎనిమిది నెలలెలా వచ్చాయి?

ట్యాంకు_మోటారు:
చూసేది నిమిషానికోసారి, మట్టం మారితేనే రాస్తుంది. ఆ సంగతి ఇక్కడ చెప్పడం మర్చిపోయా.

ముప్పై_ఏళ్ల_అనుభవం:
ఆ ముక్క ముందే ఏడవచ్చుగా! హామీ దాటగానే చిప్ చచ్చిపోదని నాకూ తెలుసు.

లాడ్జి_సెంటర్:
ఇంకా ఎస్‌టీఎం8 ఏంటండీ? సీహెచ్32వీ003 చిప్ వాడండి. 16 కేబీ ఫ్లాష్, 48 మెగాహెర్ట్జ్, 5 వోల్టుల మీద నడుస్తుంది, టీ డబ్బులకి వస్తుంది.

బ్రాడీపేట_బోర్డులు:
కూలర్ ప్రోగ్రామ్ నువ్వు రాసిస్తావా మరి?

సోల్డర్_పొగ:
అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇలాంటి చాలా బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, 230 వోల్టుల్ని ఒక కెపాసిటర్‌తో దించుతారు. ప్లగ్ ఉండగానే చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే పరికరం (ప్రోగ్రామర్) తగిలిస్తే నా ల్యాప్‌టాప్ టప్‌మంది. 38 వేలు! కుర్రాడూ, చిప్ జోలికెళ్లకు. ప్లగ్ తీసి, కాసేపాగి, ఆ కెపాసిటర్ విప్పి కొలిపించు.

లాడ్జి_సెంటర్:
ల్యాప్‌టాప్ ఏ మోడల్?

పటమట_కుర్రాడు:
సందు చివర మెకానిక్ చేత కొలిపించా. 1 మైక్రోఫారడ్ ఉండాల్సింది 0.38 చూపించింది. మోటారుని ఆన్ చేసే రిలే స్విచ్ పడబోయేసరికి చిప్‌కి అందే 5 వోల్టులు 2.4కి జారిపోతున్నాయట, అందుకే బీప్‌తో ఆగిపోతోంది. గవర్నర్‌పేటలో 20 రూపాయలకి కెపాసిటర్ తెచ్చా. రాత్రి నుంచి కూలర్ ముందే అమ్మ నిద్ర.

ముప్పై_ఏళ్ల_అనుభవం:
నేనూ అదే చెబుదామనుకున్నా.