పాకే పిల్ల ఉన్న ఇంట్లో రోజుకి రెండుసార్లు ఫినాయిల్ పెట్టాలా?

మియాపూర్ అమ్మ: మా పాపకి 14 నెలలు. అత్తయ్య తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. అప్పటినుంచి పొద్దునా సాయంత్రం ఇల్లంతా ఫినాయిల్‌తో తడిగుడ్డ, పాప స్నానం నీళ్లలో రెండు మూతల యాంటీసెప్టిక్ మందు, పార్కులో మట్టి ముట్టుకుంటే ఎత్తుకొచ్చి మళ్లీ స్నానం. పాపకి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం ఎర్రబడి గరుకుగా తయారైంది. పిల్లల డాక్టరు ఆ మందు నీళ్లలో కలపొద్దన్నారు. అత్తయ్యేమో నేను ఇల్లు సరిగ్గా తుడవకే దద్దుర్లు వచ్చాయంటున్నారు. ఆరోగ్యానికి నిజంగా ఎంత శుభ్రం కావాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పొలంగట్టు: మట్టిలో వదిలేయండమ్మా, ఏమీ కాదు. 1989లో స్ట్రాచన్ అనే బ్రిటిష్ డాక్టరు 17 వేలకు పైగా పిల్లల వివరాలు చూసి, ఇంట్లో అన్నలూ అక్కలూ ఎక్కువున్న పిల్లలకి తుమ్ములూ ముక్కు కారే ఎలర్జీ తక్కువని రాశాడు. చిన్నప్పుడే క్రిములు ఒకరి నుంచి ఒకరికి అంటడం వల్ల కావచ్చని ఆయన అనుమానం. తర్వాత 2016లో అమెరికాలో ఆమిష్, హటరైట్ అనే రెండు రైతు సమాజాల బడిపిల్లల్ని పోల్చారు. వాళ్లు జన్యుపరంగా దగ్గరివాళ్లే. ఆమిష్ వాళ్లు గుర్రాలతో సేద్యం చేస్తారు, పశువులు ఇంటి దగ్గరే ఉంటాయి. హటరైట్లది పెద్ద యంత్రాల వ్యవసాయం. ఉబ్బసం ఆమిష్ పిల్లల్లో 5 శాతం, హటరైట్ పిల్లల్లో 21 శాతం. మా నాయనమ్మ పేడకళ్లాపి చల్లిన వాకిట్లోనే మేం ఏడుగురం పాకాం, ఒక్కరికీ ఇన్‌హేలర్ లేదు.

వెన్నెల77: మీ అత్తగారు చేసేదే కరెక్ట్. పాకే పిల్ల నేల మీద ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. మా ఇంట్లో రెండు పూటలా తుడుస్తాను, కింద పడ్డ మెతుకు ఏరుకుని తిన్నా భయం లేదు.

కూకట్‌పల్లి శీను: బకెట్ నీళ్లకి ఎన్ని మూతలు పోయాలి?

నర్సమ్మ: పొలంగట్టు గారూ, మీరు చెప్పేది పేడ తగిలిన మట్టి. నేను ఊళ్లలో నర్సుగా 19 ఏళ్లు చూసింది మనుషులు చెంబు పట్టుకెళ్లిన చెరువుగట్టు మట్టి. అందులో ఉత్త కాళ్లతో తిరిగితే కొంకి పురుగు చర్మంలోంచి దూరి పేగుల్లో చేరి రక్తం తాగుతుంది. ఏటా ఫిబ్రవరి 10న అంగన్‌వాడీల్లో, బళ్లలో ఏడాది నుంచి 19 ఏళ్ల వరకు పిల్లలకి ఆల్బెండజోల్ మాత్ర వేసేది ఈ పురుగుల కోసమే. 1986లో మా తమ్ముడు ఏడాదిన్నర పిల్లాడు, వాంతులూ విరేచనాలతో రెండు రోజుల్లో పోయాడు. మా వాకిలీ పేడకళ్లాపి వాకిలే.

పొలంగట్టు: తమ్ముడి విషయం బాధాకరం. కానీ నేను ఉబ్బసం గురించి మాట్లాడుతుంటే మీరు పురుగుల గురించి మాట్లాడుతున్నారు. మియాపూర్ పార్కులో చెరువుగట్టు ఎక్కడుంది?

డల్లాస్ బాబాయి: ఒక్క మాట. 2016లో ఇక్కడి ప్రభుత్వం ట్రైక్లోసాన్‌తో సహా క్రిముల్ని చంపే 19 మందుల్ని ఇంట్లో వాడే చేతి సబ్బుల్లో కలపకూడదని తీసేయించింది. మామూలు సబ్బు కంటే అవి మెరుగని కంపెనీలు చూపించలేకపోయాయి.

కూకట్‌పల్లి శీను: సబ్బు సరే, ఫినాయిల్ మూతల సంగతి ఎవరూ చెప్పట్లేదు.

నర్సమ్మ: శీనూ, సీసా మీద రాసినంతే పోయి. వాసన ఎక్కువొస్తే ఎక్కువ క్రిములు చచ్చినట్టు కాదు. బ్లీచింగ్ పౌడర్‌నీ బాత్రూమ్ యాసిడ్‌నీ మాత్రం ఎప్పుడూ కలపకు, క్లోరిన్ గ్యాస్ పుట్టి ఊపిరాడదు.

వెన్నెల77: ఎవరేం చెప్పినా రెండు పూటలా తడిగుడ్డ పడనిది ఇల్లు కాదు. బద్ధకానికి అమెరికా పరిశోధనలు అడ్డం పెట్టుకోవద్దు.

మియాపూర్ అమ్మ: బద్ధకమా? రాత్రి ఎనిమిదికి ఆఫీసు నుంచి వచ్చి, పాపని చంకనెత్తుకునే తుడుస్తున్నానండీ. పోయిన వారం 101 జ్వరంతో తుడిచాను. నేను అడిగింది నా బిడ్డ చర్మం గురించి. మీరు కూడా మా అత్తయ్యలాగే నాకు మార్కులేస్తున్నారు.

పొలంగట్టు: నిజం మాట్లాడుకుందాం. వెన్నెల గారు తుడిచేది ఆరోగ్యం కోసం కాదు, వచ్చే చుట్టాల కోసం. ఆ కష్టమంతా వృథా.

వెన్నెల77: వృథా అని ఎంత తేలిగ్గా అనేశారు. పెళ్లై 22 ఏళ్లు. మొదటి సంక్రాంతికి మా ఆడపడుచు వచ్చి టీవీ మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు అందరికీ చూపించింది. ఆ రోజునుంచి నేను పగలు నడుం వాల్చలేదు. బక్రీదు సెలవైనా, ఆదివారమైనా, మా నాన్న పోయి మైల తీరి వచ్చిన మర్నాడైనా తుడిచాను. అరచేతులు పగిలి కూరలో కారం వేస్తే మండుతాయి. పిల్లల ఆరోగ్యం కోసమే అనుకుని ఓర్చుకున్నాను. ఇప్పుడు ఒకరు సర్వే అంటారు, ఒకరు వృథా అంటారు. మరి నా 22 ఏళ్లు దేనికి చేసినట్టు?

నర్సమ్మ: పొలంగట్టు గారూ, మీ ఇంట్లో తడిగుడ్డ ఎవరు పెడతారు?

పొలంగట్టు: మా ఆవిడే. ఆమె తుడుస్తుంటే నేను కాళ్లు మంచం మీదికి పెట్టుకుంటాను, అంతవరకే. వెన్నెల గారూ, ఆ మాట నేను అనకూడదు. వెనక్కి తీసుకుంటున్నాను.

నర్సమ్మ: వెన్నెలా, నువ్వు చేసింది వృథా కాదమ్మా, కానీ అంతా నువ్వొక్కదానివే చెయ్యాల్సింది కాదు. దొడ్డికెళ్లొచ్చాక, పాపకి కడిగాక, అన్నం కలిపే ముందు సబ్బుతో చేతులు. పచ్చి చికెన్ కోసిన చాకుతో, పీటతో టమాటా కొయ్యకూడదు. స్టవ్ గట్టు తుడిచే గుడ్డ ఉతికి ఎండలో ఆరెయ్యాలి, అంట్ల పీచు తడిగా ఉండిపోకూడదు. తాగే నీళ్ల బిందెలో చెయ్యి ముంచకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా నేను ఊరుకోను. నేల అంటారా, పాప కింద పోస్తే, పాలు ఒలికితే వెంటనే తుడవండి, లేకపోతే రోజుకి ఒక్కసారి మామూలు నీళ్లు చాలు. చెప్పులు గుమ్మం బయటే వదిలితే సగం పని తగ్గుతుంది. మియాపూర్ అమ్మా, కుక్కలూ పిల్లులూ పాడుచేయని చోట చూసి మట్టిలో ఆడనివ్వు, తినే ముందు చేతులు కడుగు. స్నానం మందు ఆపెయ్.

మియాపూర్ అమ్మ: ఆపేశానండీ. రేపు డాక్టరు దగ్గరికి అత్తయ్యని కూడా తీసుకెళ్తాను, నా నోటితో చెబితే వినరు, ఆయన నోటితో వినాలి. వెన్నెల గారూ, ఇందాక కోపంలో అన్నాను, మనసులో పెట్టుకోకండి.

వెన్నెల77: నేనూ ఆ బద్ధకం మాట అనకుండా ఉండాల్సింది. నర్సమ్మ గారూ, పగిలిన చేతులకి ఏం రాయాలి?

నర్సమ్మ: రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె బాగా పట్టించి, పాత నూలు మేజోళ్లు చేతులకి తొడుక్కో. పదిహేను రోజుల్లో పగుళ్లు పూడకపోతే చర్మం డాక్టరుకి చూపించు. ఫినాయిల్ బకెట్ ఈ పదిహేను రోజులూ ఇంకెవరైనా పట్టుకోవాలి, ఆ మాట మీ ఇంట్లో ఈ పూటే చెప్పు.