ఆటిజం ఉన్న పెద్దవాళ్లు పదేపదే చేసే పనులను ఎలా కొలవాలి?

మాది కావలి. మా అన్నయ్యకు 31 ఏళ్లు, ఆటిజం ఉంది. వైకల్య సర్టిఫికెట్ కోసం అప్పట్లో ఐఎస్ఏఏ (ఆటిజం ఎంత ఉందో చూసే మన దేశపు) స్కేలులోని 40 అంశాలకు మార్కులు వేశారు, అంతే. ఇప్పుడు నెల్లూరు డాక్టరు గారు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం ఎక్కువైందో తగ్గిందో నెల రోజులు రాసి తెమ్మన్నారు.

వెతికితే ఇలాంటి పనులను కొలిచే రెండు ఫారాలు దొరికాయి. ఆర్‌బీఎస్-ఆర్‌లో 43 అంశాలు, ఇంట్లోవాళ్లు నింపాలి. ఆర్‌బీక్యూ-2ఏలో 20 ప్రశ్నలు, ఆ మనిషే నింపుకోవాలి. అన్నయ్యకు చదవడం, రాయడం వచ్చు. మరి ఎవరి మాట తీసుకోవాలి? అన్నయ్య రోజూ సాయంత్రం స్టేషన్‌కు వెళ్లి గూడ్సు పెట్టెలు లెక్కపెట్టడం అమ్మకు పెద్ద టెన్షన్. తనకేమో అదే హాయి. నన్నడిగితే అది సమస్యే కాదు. కానీ నవంబరు వానల్లో వెళ్లడం కుదరకపోతే తన చెయ్యి తనే కొరుక్కుంటాడు. అది చూడలేం.

ఎన్నిసార్లు చేశాడో లెక్కేయాలా, ఎంతసేపో చూడాలా, ఆపినప్పుడు పడే బాధ రాయాలా? ఇంట్లో ఇలా రాసి పెట్టుకున్నవాళ్లు, సైకాలజీ చదివినవాళ్లు కాస్త చెప్పండి. ఇంకొకటి, అమ్మకు ఇంగ్లీషు రాదు. ప్రశ్నలు నేనే తెలుగులో చెప్పి నింపిస్తే మార్కుల్లో తేడా వస్తుందా?