సైకాలజీ చరిత్రకి రోల్ ప్లే: చదువా, వేషాలా?

చాక్‌పీసు:
రోల్ ప్లే టైం దండగ అనేవాళ్లతో సగం ఏకీభవిస్తాను. ఒక్కొక్కరూ లేచి "నేను వుంట్‌ని, 1879లో లైప్‌జిగ్‌లో సైకాలజీ ల్యాబ్ పెట్టాను" అని అప్పజెప్పి కూర్చునే పద్ధతైతే దండగే. కానీ నిజంగా జరిగిన గొడవను ఎత్తుకుంటే? 1924 ఫిబ్రవరి 5న వాషింగ్టన్‌లో ఇద్దరు సైకాలజిస్టులు ఎదురెదురుగా వాదించారు: బయటికి కనిపించే ప్రవర్తననే చదవాలనే వాట్సన్, పుట్టుకతో వచ్చే సహజాతాలు, మనసులోని ఉద్దేశాలు ముఖ్యమనే మెక్‌డూగల్. సభికుల ఓట్లు కొద్ది తేడాతో మెక్‌డూగల్ వైపు పడ్డాయి. క్లాసులో దీన్నే పెట్టండి. పక్షానికి ఇద్దరు వక్తలు, ఎనిమిది నిమిషాల వాదన, మూడు నిమిషాల జవాబు, మిగతావాళ్లంతా సభికులు. 1924 తర్వాతి సంగతి ఏదీ నోట రాకూడదు. వాట్సన్ బాటలో తర్వాత వచ్చిన స్కిన్నర్ పేరెత్తితే అరనిమిషం కోత.

పాత_కాగితం:
నిబంధన బాగుంది, నిలబడదు. వాట్సన్‌కి పాఠ్యపుస్తకం నిండా సరుకుంటుంది, మెక్‌డూగల్‌కి రెండు లైన్లు. మెక్‌డూగల్ వేసినవాడు "అంతా సహజాతాలే" అని మూడుసార్లు చెప్పి చేతులెత్తేస్తాడు. క్లాసంతా వాట్సన్‌కి ఓటేస్తుంది. పుస్తకాల్లో ఎక్కువ పేజీలు దక్కినవాడే మొదటి నుంచీ కరెక్టు అనే అభిప్రాయం ఇంకా బిగుసుకుంటుంది. దానికి రోల్ ప్లే ఎందుకు?

చాక్‌పీసు:
సరుకు మనం ఇవ్వాలండీ, పుస్తకానికి వదిలేస్తే అంతే. రెండు పక్షాలకీ ఒకే పొడవున్న పేజీ, వారం ముందే. మెక్‌డూగల్ పేజీలో వయొలిన్ వాదన తప్పకుండా ఉండాలి. వేదిక మీద ఒకడు గుర్రపు తోకవెంట్రుకలతో పిల్లి పేగులను గీకుతున్నాడు, వెయ్యిమంది కదలకుండా విని ఒక్కసారిగా చప్పట్లు కొడుతున్నారు, దీన్ని మీ ఉద్దీపన (బయటి ప్రేరణ), ప్రతిస్పందన లెక్కలో చెప్పండి అని ఆయన నిలదీశాడు. ఈ ఒక్క ప్రశ్న చేతిలో ఉంటే చాలు, వాట్సన్ జట్టుకి చెమటలు పడతాయి.

మెట్రోనోమ్:
మనుషుల్ని ఎందుకు నటించడం, పద్ధతినే నటించండి, అంటే తన అనుభవాన్ని తానే గమనించి చెప్పే అంతఃపరిశీలనని. ముగ్గురేసి జట్లు: ఒకరు ప్రయోగకర్త, ఒకరు పరిశీలకుడు, ఒకరు రాసేవారు. పరిశీలకుడి ముందు పెన్సిల్ పెట్టి ఇరవై సెకన్లలో అనుభవం చెప్పమనండి. అందరూ "పెన్సిల్" అంటారు. ఈ పద్ధతిని నడిపిన వుంట్ శిష్యుడు టిచ్‌నర్ దృష్టిలో అదే తప్పు, ఉద్దీపన దోషం. వస్తువు పేరు కాదు, పసుపురంగు, దాని తీవ్రత, మెరుపు, అంచు దగ్గర నీడ, ఇవి చెప్పాలి. రెండో విడతలో కొందరు కవిత్వంలోకి జారిపోతారు, అక్కడా ఆపాలి. అంతఃపరిశీలన అంటే కళ్లు మూసుకుని మనసు విప్పడం కాదని ఉపన్యాసంతో ఎంత చెప్పినా ఎక్కదు, ఇలా అయితే పది నిమిషాల్లో ఎక్కుతుంది.

తర్వాత "ఏడుకి అయిదు కలిపితే?" అనడగండి. పన్నెండు అనగానే, మధ్యలో మనసులో ఏం కనిపించిందో రాయమనండి. అంకెలు కనబడ్డాయని కొందరు, ఏమీ లేదు, జవాబు వచ్చేసిందంతే అని కొందరు. మనసులో ఏ బొమ్మా లేకుండా ఆలోచన సాగుతుందా అని జర్మనీలోని వ్యూర్ట్స్‌బుర్గ్ పరిశోధకులకీ టిచ్‌నర్‌కీ మధ్య జరిగిన 'ప్రతిమలు లేని ఆలోచన' గొడవ క్లాసులోనే మొదలైపోతుంది, స్క్రిప్టు అక్కర్లేదు. ఎవరిది నిజమో తేల్చే దారి లేదని వాళ్లకే అర్థమయ్యాక అంతఃపరిశీలనని తోసిపుచ్చిన 1913 నాటి వాట్సన్ వ్యాసం చేతికివ్వండి. ఆయన అంత విసురుగా ఎందుకు రాశాడో విడిగా చెప్పక్కర్లేదు.

పాత_కాగితం:
ఇది నయం. ఒక్క సవరణ. టిచ్‌నర్ పద్ధతిని వుంట్ ఖాతాలో వేయకండి, పాఠ్యపుస్తకాలు ఇప్పటికే వేస్తున్నాయి. ఉద్దీపన ఎప్పుడు వస్తుందో పరిశీలకుడికి తెలియాలి, మళ్లీ మళ్లీ చేయగలగాలి, పరిస్థితులు మార్చి చూడగలగాలి అన్నది వుంట్ షరతు. వ్యూర్ట్స్‌బుర్గ్ పద్ధతి అసలు ప్రయోగమే కాదని 1907లో తోసిపుచ్చాడు. అంటే మీ ఏడూ అయిదుల లెక్కని ఆయన గడప తొక్కనివ్వడు.

మూడో_బెంచీ:
వాట్సన్ ఒక పసివాడికి భయం నేర్పిన 1920 నాటి ఆల్బర్ట్ ప్రయోగం మీద నైతిక కమిటీ విచారణ పెట్టించడం ఇప్పుడు ఫ్యాషన్. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మొదటి నీతి నియమావళి వచ్చిందే 1953లో. లేని కమిటీ ముందు వాట్సన్‌ని నిలబెడితే క్లాసు తీర్పులు చెప్పడం నేర్చుకుంటుంది, 1920 గురించి ఏమీ నేర్చుకోదు. ఇక ఆదేశిస్తే సాటి మనిషికి షాక్ ఇస్తారా అని చూసిన మిల్‌గ్రామ్ ప్రయోగం, విద్యార్థులని ఖైదీలుగా, కాపలాదారులుగా పెట్టిన స్టాన్‌ఫోర్డ్ జైలు లాంటివి నటింపజేయొద్దు, ఆట కోసమైనా సరే. సాటి విద్యార్థిని బెదిరించే పాత్రలు అవి, పీరియడ్ అయిపోగానే దిగిపోవు.

చాక్‌పీసు:
చివరి మాటకి వంద శాతం ఒప్పుకుంటాను. కమిటీ విషయంలో మాత్రం ఒక మినహాయింపు: విచారణ 1953లో జరుగుతున్నట్టు పెట్టి, కొత్త నియమాలతో పాత ప్రయోగాన్ని చదివించొచ్చు. అప్పుడు తేదీ కప్పిపుచ్చినట్టు ఉండదు.

పాత_కాగితం:
సరే, వాషింగ్టన్ వాదం పెట్టేవాళ్లకి ఒక చిట్కా. 1929లో అది పుస్తకంగా వచ్చినప్పుడు మెక్‌డూగల్ ఓ ముక్క చేర్చాడు: విద్యార్థినులు దాదాపు అందరూ వాట్సన్‌కే వేశారట, ఆ సంగతి చూస్తే అసలు తీర్పు తనకి ఇంకా గట్టిగా అనుకూలమట. దీన్ని ముందు ఇవ్వకండి. ఓట్లు లెక్కయ్యాక చదివి వినిపించి, వెంటనే సైకాలజిస్టు మేరీ కాల్కిన్స్ పేజీ పంచండి: 1895లో డాక్టరేటు పరీక్ష నెగ్గినా ఆడమనిషని హార్వర్డ్ పట్టా ఇవ్వలేదు, 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి అధ్యక్షురాలైంది. ఈ చర్చకి కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి వాదం ఒక పీరియడ్‌లో, ఇది మరుసటి పీరియడ్‌లో. మార్కులు నటనకి కాదు, ఆ ఏడాదికి కట్టుబడి చెప్పిన వాదనకి.